చైత్రపు వానలూ మన పెరడూ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఉగాది వెళ్ళి నెల తిరగకముందే మీ ఊళ్ళో మూడు వానలు పడ్డాయనీ, పెరడంతా బురదయిందనీ, ఆరబోసిన మిరపకాయలు తడిశాయనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు మీ ఇంటి చుట్టే తిరుగుతోంది. పదేళ్ళు పట్నంలో అపార్టుమెంటులో ఉండి వచ్చిన నీకు ఎనిమిది సెంట్ల పెరడు, అందులోనూ నల్లరేగడి నేల, ఒక్కసారిగా మీద పడిన మాట నిజమే. "అశ్వని కురిస్తే అంతా నష్టం, భరణి కురిస్తే ధరణి పండును" అని మన పెద్దలు అనేవారు. ఏప్రిల్ నడుమ వచ్చే అశ్వని కార్తెలో పంట కళ్ళం మీదా, మామిడి పిందె మీదా ఉంటుంది కాబట్టి ఆ వాన చెరుపు చేస్తుంది. పక్షం తిరిగాక భరణిలో పడే వాన దుక్కికి పనికి వస్తుంది. కనుక ఈ నాలుగు వారాలూ జాగ్రత్తగా గడపడం ఎలాగో నాకు తెలిసినంత వ్రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చేయవలసినది, వాన పడుతున్నంతసేపూ వసారాలో కూర్చుని నీరు ఎటు పోతోందో చూడడం. ఇప్పుడు ఒంటిపూట బడులు కాబట్టి పిల్లలు మధ్యాహ్నానికే ఇంట్లో ఉంటారు. ఈ వానలు ఎక్కువగా సాయంత్రం పూటే వస్తాయి. తూము నీరు ఎక్కడ పడుతోందో, ఏ మూల నిలుస్తోందో, ఏ చెట్టు మొదలు మునుగుతోందో వాళ్ళ చేత ఒక కాగితం మీద గీయించు. ఎండలో ఎంత తిరిగినా తెలియని వాలు ఆ అరగంటలో తెలుస్తుంది. మీ డాబా మీద నీరు నిలవడానికి కారణం వేపచెట్టేనని నా నమ్మకం. చివురు వేసే ముందు అది ఆకంతా రాలుస్తుంది, ఆ ఆకు తూము నోట్లో పేరుకుంటుంది, మొదటి వానకే తూము పూడుకుపోతుంది. మబ్బు కనబడక ముందే అల్లుణ్ణి పైకి పంపి చీపురుతో శుభ్రం చేయించు. తూము నీరు గోడ మొదట్లో పడనీయవద్దు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, ఆ రెండింటి మధ్య పునాది నలిగి గోడలు బీటలు వారతాయి. నీరు పడే చోట ఒక నాపరాయి పరిపించి, గోడ పొడవునా ఎర్రమట్టి పోయించి, వాలు బయటికి ఉండేలా చూసుకో.

వాన వెలిసిన వెంటనే పార పట్టుకుని పెరట్లోకి దిగకు. తడి రేగడిని తొక్కినా, తవ్వినా అది ఎండినప్పుడు రాయి వంటి పెళ్ళలు కడుతుంది. జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కి, ఆ ముద్దను బొటనవేలితో తట్టి చూడు. పొడిపొడిగా విడిపోతే పదును వచ్చినట్టు. వేళ్ళకు అంటుకుంటే మరో రెండు రోజులు ఆగాలి. ఈలోగా దారి మీద నిలబడే అందినంత మేర కలుపు తీయవచ్చు, ఎందుకంటే లేత కలుపు తడి నేలలోంచే వేరుతో సహా వస్తుంది. తుంగ మాత్రం అలా పోదు. దాని గడ్డలు లోపల మిగిలితే మళ్ళీ మొలుస్తుంది కాబట్టి పదును వచ్చాక తవ్వి ఏరవలసిందే. ఆ పదునులోనే గోంగూర, తోటకూర, బెండ గింజలు వేసుకో.

నిమ్మచెట్టు ఆకుల మీద గరుకు మచ్చలు వచ్చాయన్నావు. అది గజ్జి తెగులు, వాన చినుకులతో పాకుతుంది. మచ్చలున్న కొమ్మలు ఆకు ఆరిన తర్వాత కత్తిరించి కాల్చివేసి, బోర్డో మిశ్రమం చల్లు. వంద గ్రాముల మైలుతుత్తం ఐదు లీటర్ల నీటిలో, వంద గ్రాముల సున్నం మరో ఐదు లీటర్లలో, ప్లాస్టిక్ బకెట్లలోనే కరిగించి, రెండింటినీ ఒకేసారి మూడో బకెట్‌లోకి పోయాలి. శుభ్రమైన ఇనుప కత్తిని ఒక నిమిషం అందులో ముంచి తీస్తే దాని మీద ఎర్రగా రాగి పూత కనబడితే, ఇంకొంచెం సున్నపు నీరు కలపాలి. కలిపిన రోజే వాడాలి.

బట్టలారేసే ఇనుప తీగను ఈ రోజే తీసివేసి నైలాను తాడు కట్టు. వానల్లో కరెంటు తీగ ఎక్కడో దానికి తగిలి ఆడవాళ్ళు చనిపోయిన సంగతులు మన చుట్టుపక్కల ఎన్నో విన్నాను. ఉరుముతున్నప్పుడు చెట్ల కిందికి ఎవరినీ వెళ్ళనీయకు. కట్టెల కుప్ప దగ్గరికి చెప్పులు లేకుండా వెళ్ళవద్దని పిల్లలకు గట్టిగా చెప్పు. పాము కరిస్తే మంత్రాలూ కోతలూ లేకుండా 108కి ఫోను చేసి నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. నిలిచిన నీటిలో దోమలు పెరగకుండా కుండీల పళ్ళేలూ కొబ్బరి చిప్పలూ వారానికొకసారి బోర్లించు.

తడిసిన మిరపకాయలను కుప్పగా ఉంచకుండా పట్టా మీద పలచగా పరిచి, చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనే వరకూ ఎండబెట్టు. బూజు పట్టినవి ఎన్ని ఉన్నా పారవేయి. వాటిని ఎండబెట్టి దంచి పిల్లలకు పెట్టవద్దు.

ఇక ఆవకాయ. నా కాపురం కొత్తల్లో, వాన కురిసిన మరునాడే కాయ కోయించి, తుడిచానన్న ధీమాతో ముక్కలు కొట్టి జాడీకి ఎత్తాను. ఆషాఢం వచ్చేసరికి మూత తీస్తే పైన తెల్లటి బూజు. ఏడాది పచ్చడి పారబోయవలసి వచ్చింది. మా అత్తగారు ఒక్క మాట అనలేదు, అందుకే అది నాకు ఇంకా గుర్తుంది. నీవు రెండు రోజులు ఎండ కాసిన తర్వాతే కాయ కోయించు. కడిగి, పొడిగుడ్డతో తొడిమ గుంట వరకూ తుడిచి, కొట్టిన ముక్కకు జీడి, లోపలి పొర తీసి, ఫ్యాను కింద గంటసేపు ఆరబెట్టు. ఎండ లేకపోతే ఉప్పును మూకుడులో వెచ్చచేసి చల్లార్చుకో. వానలు పడిన ఏడాది ఉప్పు తగ్గించకు. మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె ముక్క పైకి తేలాలి; తేలకపోతే మళ్ళీ పోయి.

రాలిన పిందెలు పారవేయకుండా ముక్కలుగా కోసి ఒరుగులు పెట్టమని వదినగారితో చెప్పు, ఆమె చేయి ఆ పనిలో మంచిది. వైశాఖంలో నేను వచ్చేటప్పుడు బీర, ఆనప గింజలు తెస్తాను. అప్పటికి పందిరి గుంజలు పాతించి ఉంచు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ