తిండి పడని పిల్లికి బెల్టు, బిళ్ల: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా పిల్లికి నాలుగేళ్లు. చెవుల ముందర, మెడ మీద ఆగకుండా గీక్కుంటుంది. తిండి అలర్జీ కావచ్చు, ఎనిమిది వారాలు ఒకటే తిండి పెట్టి చూడమన్నారు డాక్టరు. మేం అట్లాగే పెడుతున్నాం. కానీ మావి పక్కపక్కనే కిరాయి ఇండ్లు. గోడ దూకిందంటే ఎవరో ఒకరు కోడికూర తునకో, పాలన్నమో పెడతారు. మెడలో బిళ్ల కడితే ఆగుతారా? దాని మీద ఏం రాయించాలి? – ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: బిళ్ల తప్పకుండా అక్కరకొస్తుంది. అయితే ఈ ఎనిమిది వారాల పరీక్ష మాత్రం బిళ్లను నమ్ముకుని చేసేది కాదు. పిల్లుల్లో తిండి అలర్జీని ఖాయంగా తేల్చే రక్తపరీక్ష లేదు. ఇంతవరకు ఎన్నడూ తినని మాంసంతో గానీ, డాక్టర్లు రాసే హైడ్రోలైజ్డ్ ఫుడ్‌తో (మాంసకృత్తులను అలర్జీ తేలేనంత చిన్న తునకలుగా విరగ్గొట్టి చేసిన తిండి) గానీ ఎనిమిది వారాలు గడపాలి. దురద తగ్గాక పాత తిండి మళ్లీ పెట్టి, తిరగబెడుతుందేమో చూడాలి. మధ్యలో ఒక్క కోడితునక నోట్లో పడినా ఆ లెక్క చెడుతుంది. పైగా పడని తిండి తిన్నాక దురద కొన్ని గంటల్లోనే రావచ్చు, రెండు వారాల దాకా ఆగి కూడా రావచ్చు. దసరా నాడు పక్కింట్లో తిన్న యాటకూరకు తర్వాతి వారం దురద మొదలైతే, ఆ రెంటికీ ఎవరూ ముడిపెట్టరు. ‘మొన్న పెడితే ఏం కాలేదు కదా’ అనే మాట అక్కడే పుడుతుంది. కాబట్టి ఈ రెండు నెలలు పిల్లి ఇల్లు దాటకూడదు. కిటికీలకు నైలాన్ దోమతెర చాలదు, గోళ్లతో చీల్చేస్తుంది. సన్న ఇనుప జాలీ కొట్టించండి. దసరా రోజుల్లో, మేడారం జాతర సమయంలో ఇంటినిండా చుట్టాలుంటారు, ప్రతి విస్తట్లోనూ ముక్క ఉంటుంది. ఆ రెండు మూడు రోజులు పిల్లిని ఒక గదిలో పెట్టి తలుపు వేయడమే మంచిది. మాంసం రుచి కలిపిన నులిపురుగు మాత్రలు కూడా పరీక్షను పాడుచేస్తాయి. ఆ సంగతి డాక్టరును ముందే అడగండి.

ఏది పడదో తేలి, పిల్లి మళ్లీ బయట తిరగడం మొదలుపెట్టాక బిళ్ల అసలు పని మొదలవుతుంది. చాలామంది ‘చికెన్ పడదు’ అని రాయిస్తారు. చదివినవాళ్లు చికెన్ మానేసి చేప పెడతారు. పిల్లుల్లో ఎక్కువగా అలర్జీ తెచ్చేవి బీఫ్, చేప, చికెన్. ఒకటి వద్దంటే రెండోది పెట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పైగా మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి ఏ పిల్లికైనా విషమే. అందుకని పేరు పెట్టి ఒకటి వద్దనకుండా, మొత్తంగా వద్దనాలి. పెట్టేవాళ్లు జాలితో పెడతారు, కాబట్టి కారణం కూడా కనిపించాలి. మా సలహా ఇది. ముందువైపు రెండు వరసలు: ‘అలర్జీ ఉంది’, దాని కింద ‘ఏమీ పెట్టొద్దు’. వెనకవైపు రెండు ఫోన్ నంబర్లు. పెంపుడు పిల్లి అని వేరే రాయక్కర్లేదు, ఆ మాట బెల్టే చెబుతుంది. పిల్లి పేరుకు చోటు వృథా చేయకండి. మీ కాలనీలో తెలుగు చదవనివాళ్లు ఎక్కువైతే వెనక ఒక నంబరు తీసేసి అదే మాట హిందీలో రాయించండి.

రెండు వరసలే ఎందుకంటే, తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. అంకెల వరసకు పట్టే ఎత్తుకు దాదాపు రెట్టింపు కావాలి. రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దదైన 25 మిల్లీమీటర్ల బిళ్లలో మూడో వరస ఇరికిస్తే ‘ర్జీ’, ‘ట్టొ’ ఒత్తులు కింది వరసలోకి దిగి నల్లటి మచ్చల్లా మిగులుతాయి. షీల్డులు, నేంప్లేట్లు చేసే దుకాణాల్లో లేజర్‌తో చెక్కుతారు. అది దొరక్కపోతే స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టే దుకాణానికి వెళ్లండి. చుక్కలు చుక్కలుగా కొట్టినా తెలుగు చక్కగా వస్తుంది, కాస్త లోతుగా కొట్టమని చెప్పాలి. రంగుతో అచ్చు వేసినవి కొన్ని నెలల్లోనే అరిగిపోతాయి. లోహం విషయానికొస్తే అల్యూమినియం బరువు స్టీలులో సుమారు మూడో వంతే. పెంబర్తి ఇత్తడి పని ఎంత అందమైనదైనా పిల్లి మెడకు ఇత్తడి బరువు. గంట కూడా వద్దు, బిళ్ల ఒక్కటి చాలు.

ప్రశ్న: దుకాణంలో కుక్కపిల్లల బెల్టు, ఎలాస్టిక్ బెల్టు, లాగితే ఊడిపోయే క్లిప్పు బెల్టు చూపించారు. ఊడిపోయేది కొంటే ఊరికే పోతుంది కదా? మా పిల్లి బంగ్లా మీద, గోడల మీద తిరుగుతుంది. – కరీంనగర్

జవాబు: బంగ్లాల మీద తిరిగే పిల్లి కాబట్టే ఊడిపోయేది కావాలి. మన ఊళ్లలో పై అంతస్తు కోసం పిల్లర్లలోంచి సలాకలు వదిలేస్తాం. కేబుల్ వైర్లు ఒక ఇంటి మీంచి ఇంకో ఇంటికి వేలాడుతుంటాయి. దూకేటప్పుడు బెల్టు సలాకకు తగులుకుంటే పిల్లి బరువంతా మెడ మీద పడుతుంది. కుక్కల బెల్టుకు ఉండే గట్టి బకిల్ అప్పుడు ఊడదు. ఎలాస్టిక్ బెల్టు సాగుతుంది, అది కూడా ముప్పే. పిల్లి విడిపించుకోబోయి ముందుకాలు అందులో దూర్చేస్తుంది, బెల్టు చంక కింద ఒరుసుకుని లోతైన పుండు పడుతుంది. కింది దవడ బెల్టులో ఇరుక్కోవడమూ ఉంది, అది వదులుగా కట్టడం వల్ల వచ్చే తిప్పలు.

క్లిప్పు నిజంగా ఊడుతుందా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. క్లిప్పు బిగించి, బెల్టును ఒక కొక్కేనికి తగిలించి, కింది అంచు నుంచి లీటరు నీళ్ల సీసాలు వేలాడదీయండి. క్లిప్పు పక్కకు వచ్చేట్టు చూడండి. పిల్లి నాలుగు కిలోలైతే, రెండు సీసాలు పడేసరికి ఊడిపోయే బెల్టు మంచిది. నాలుగు సీసాలు మోసినా ఊడనిది పిల్లి బరువును కూడా మోస్తుంది, తిరిగి ఇచ్చేయండి. ఊడిపోతోందని క్లిప్పుకు జిగురు పెట్టడం, దారంతో కుట్టడం ఎంతమాత్రం చేయకండి.

వెడల్పు ఒక సెంటీమీటరు సరిపోతుంది. కట్టాక బెల్టుకూ మెడకూ మధ్య ఒకటి, మహా అయితే రెండు వేళ్లు దూరాలి. కట్టేటప్పుడు పిల్లి మెడ బిగబడుతుంది, పది నిమిషాలాగి మళ్లీ వేలు పెట్టి చూడండి. వారానికోసారి కొలవండి. కొత్త తిండి పడి దురద తగ్గిన పిల్లికి బొచ్చు తిరిగొస్తుంది, ఒళ్లు కూడా చేస్తుంది, అప్పుడు నిన్నటి కొలత బిగుతవుతుంది. పిల్లికూనలకైతే ఇంకా తరచుగా చూడాలి. బెల్టు పోవడం మామూలే. పోయిందంటే క్లిప్పు తన పని చేసిందని అర్థం. అదే నంబర్లతో ఇంకో బిళ్ల చేయించి ఇంట్లో ఉంచుకోండి.

ప్రశ్న: బెల్టు కట్టిన మూడు వారాలకు మెడ చుట్టూ బొచ్చు రాలి, చిన్న చిన్న పొక్కులు లేచాయి. అలర్జీ తిండిదా, బెల్టుదా? బెల్టు తీస్తే పక్కింటివాళ్లు మళ్లీ తిండి పెడతారని భయం. – జగిత్యాల

జవాబు: మచ్చ ఆకారం చూడండి. బెల్టు తగిలే చోట మాత్రమే, పట్టీ వెడల్పున మెడ చుట్టూ ఉంటే బెల్టును అనుమానించాలి. బెల్టు రంగు పడకపోవచ్చు. బిళ్ల రింగుకు ఉన్న నికెల్ పూత పడకపోవచ్చు. వానాకాలంలో తడిసిన గుడ్డ ఆరక చర్మాన్ని నానబెట్టి ఉండవచ్చు. అలాకాకుండా కళ్ల పైన, చెవుల దగ్గర, పొట్ట మీద కూడా ఉంటే, దాంతోపాటు వాంతులో విరేచనాలో ఉంటే తిండి వైపు చూడాలి. తోక మొదట్లో ఎక్కువగా ఉంటే గోమార్ల (ఫ్లీలు అనే దూకే పురుగుల) పని కావచ్చు. తిండి పరీక్షకు ముందే గోమార్ల మందు వేయించి ఆ అనుమానం తీర్చుకోవాలి.

ఇక్కడ అందరికీ జరిగే పొరపాటు ఒకటుంది. కంగారులో ఒకే రోజు బెల్టు తీసేసి, తిండీ మార్చేస్తారు. నెల తర్వాత మెడ నయమవుతుంది, కానీ దేనివల్ల నయమైందో తెలియదు. పరీక్షంతా దండగవుతుంది. ముందు బెల్టు ఒక్కటే తీయండి, తిండి ముట్టుకోకండి. రెండు మూడు వారాల్లో మెడ నయమైతే జవాబు దొరికినట్టే. ఏమాత్రం తగ్గకపోతే అప్పుడు తిండి పరీక్ష మొదలుపెట్టండి. చీము, రక్తం కనిపిస్తే మాత్రం ఈ వరస పట్టుకుని కూర్చోకుండా డాక్టరుకు చూపించండి.

పొక్కులున్న మెడకు ఎంత మెత్తటి బెల్టయినా కట్టకూడదు. పిల్లి వెనకకాలితో గీక్కునేటప్పుడు గోరు బెల్టులో చిక్కుకుంటుంది. బెల్టు లేని ఆ రోజుల్లో పిల్లిని లోపలే ఉంచండి. దాని ఫొటో, ‘చికిత్సలో ఉంది, ఏమీ పెట్టకండి’ అన్న మాట, మీ నంబరు ఒక కాగితం మీద వేసి చుట్టూ ఉన్న ఇళ్లకు స్వయంగా ఇచ్చి రండి. వాట్సాప్‌లో పంపిన దాని కన్నా చేతికిచ్చిన కాగితానికి విలువ ఎక్కువ, అది వంటింటి గోడకు చేరుతుంది. పెచ్చులు రాలి కొత్త బొచ్చు కనబడ్డాక రంగు లేని నూలు బెల్టు, స్టీలు రింగు బదులు బెల్టుకే ఎక్కించే చదును బిళ్ల వాడండి. మొదటి మూడు నాలుగు రోజులు పగటిపూట కొన్ని గంటలే కట్టి, రోజూ బొచ్చు విడదీసి చర్మం చూడండి.

ప్రశ్న: మూడు పిల్లులున్నాయి. ఒక్కదానికే అలర్జీ. మూడూ ఒకరి గిన్నెలో ఒకరు మూతి పెడతాయి. రంగు బెల్టులు కడితే ఉపయోగమా? – హనుమకొండ

జవాబు: రంగు బెల్టు పిల్లికి కాదు, ఇంట్లో మనుషులకు ఉపయోగం. అత్తగారు, పనిమనిషి, సెలవులకొచ్చిన పిల్లలు, ఎవరు పెట్టినా ఎర్ర బెల్టుదానికి ఎర్ర గిన్నె అన్నది ఒక్క చూపులో తెలియాలి. గిన్నెలు రోజంతా నింపి ఉంచడం మానేయండి. పూటకు ఇరవై నిమిషాలు, వేర్వేరు గదుల్లో, తర్వాత గిన్నెలు ఎత్తేయాలి. అంతకన్నా తేలిక, డాక్టరు రాసిన పూర్తి పోషకాహారం మూడింటికీ పెట్టడం. ఖర్చవుతుంది గానీ గొడవ ఉండదు. పెద్ద పిల్లులకు దానివల్ల నష్టం లేదు, కూనలుంటే మాత్రం వాటికి సరిపోతుందో అడగాలి. ఇంట్లో వండిన ఒకే మాంసాన్ని నెలల తరబడి పెట్టకండి, పిల్లులకు తప్పనిసరి పోషకమైన టారిన్, కాల్షియం అందవు. కొత్త తిండికి వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి. మార్చాక ముట్టడం లేదని పస్తు పెట్టవద్దు. రెండు రోజులు తినని పిల్లికి, ముఖ్యంగా లావుపాటిదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: మైక్రోచిప్ వేయిస్తే బిళ్ల అక్కర్లేదా? క్యూఆర్ కోడ్ బిళ్ల ఎట్లా ఉంటుంది? – మంచిర్యాల

జవాబు: రెండూ కావాలి, వాటి పనులు వేరు. చిప్ బియ్యపు గింజంత ఉంటుంది. భుజాల మధ్య చర్మం కింద సూదితో వేస్తారు. అందులో ఉండేది 15 అంకెల నంబరు ఒక్కటే. స్కానర్ ఉన్నచోటే అది చదవగలరు, పిల్లి ఎక్కడుందో అది చెప్పదు. బెల్టు ఊడి, పిల్లి తప్పిపోయి, ఎవరో ఆసుపత్రికి తెచ్చినప్పుడు అది అక్కరకొస్తుంది. వేయించే చోట స్కానర్ ఉందో లేదో, నంబరు ఏ రిజిస్ట్రీలో (యజమాని వివరాలుండే జాబితాలో) ఎక్కిస్తారో ముందే అడగండి. మామునూరు, కోరుట్లలో పశువైద్య కళాశాలలున్నాయి, దగ్గర్లోవాళ్లు అక్కడ విచారించవచ్చు. ఫోన్ నంబరు మార్చిన ప్రతిసారీ రిజిస్ట్రీలోనూ మార్పించాలి, చాలామంది మరిచిపోయేది ఇదే.

క్యూఆర్ కోడ్‌లో తిండి వివరాలు, మందులు, డాక్టరు నంబరు అన్నీ పెట్టవచ్చు. కానీ అరుగు మీద కూర్చుని పెరుగన్నం పెట్టే అవ్వ ఫోన్ తీసి స్కాన్ చేయదు. కోడ్ పెట్టాలనుకుంటే వెనకవైపు పెట్టండి. ముందువైపు అక్షరాలే ఉండాలి.

ప్రశ్న: గోమార్లకు కుక్కల బెల్టు ఇంట్లో ఉంది. కత్తిరించి పిల్లికి కట్టవచ్చా? – నర్సంపేట

జవాబు: వద్దు. కుక్కల మందుల్లో కొన్నింట్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. ఒళ్లు వణకడం, చొంగ కారడం, ఫిట్స్ రావడం, ప్రాణం పోవడం దాకా వెళ్తుంది. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే తీసేయండి. గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు, గోరువెచ్చటి నీళ్లతో మెడ, ఒళ్లు కడిగి, తుడిచి, తువ్వాలలో చుట్టి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. బెల్టు డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి, అందులో ఏ మందు ఉందో డాక్టరుకు తెలియాలి.