ట్యూబులు వేశాక ప్లాన్ మళ్లీ మారుస్తున్నారంటే భయపడాలా?

మీ అమ్మగారికి మొదటి దశ బ్రెస్ట్ క్యాన్సర్, గడ్డ వరకే తీసేశారు, బ్రాకీథెరపీకి, అంటే లోపలి నుంచే రేడియేషన్ ఇచ్చే వైద్యానికి, ట్యూబులు కూడా వేశారు. ఇప్పుడేమో 'డోసు చర్మం దాకా వస్తోంది, ప్లాన్ సరిచేసి రేపు మొదలుపెడదాం' అన్నారని రాశారు. ఏదో తప్పు జరిగిందేమోనని మీ టెన్షన్. విజయవాడలో మా అమ్మకు ఈ వైద్యం చేసినప్పుడు మాకూ ఇదే మాట చెప్పారండీ. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

పొద్దున్నే రేడియేషన్ లెక్కలు వేసే ఫిజిసిస్టు గారు నన్నూ నాన్ననూ పిలిచి సీటీ బొమ్మ చూపించారు. గడ్డ తీసిన చోటు, అక్కడ సర్జన్ గుర్తుగా పెట్టిన చిన్న క్లిప్పులు, మధ్యలో చుక్కల్లా ట్యూబులు. పూర్తి డోసు ఎంతవరకు పోతుందో చూపే గీత ఒక మూల చర్మాన్ని తాకుతోంది. మెషిన్ ఆ ట్యూబుల్లోకి పంపేది ఇరిడియం-192 అని, రేడియేషన్ ఇచ్చే బియ్యపు గింజంత లోహం. పై ట్యూబులో అది ఆగే సెకన్లు తగ్గించి, లోపలి వాటిలో కాస్త పెంచారు. గీత మా కళ్లముందే లోపలికి జరిగింది. ఒక్క ట్యూబునూ కదపలేదు.

నాన్నది మిరప సాగు. "మడులకు నీళ్లు కట్టినట్టేనన్నమాట" అన్నారు. నిజంగా అంతే. ఉన్న నీళ్లు ఒకటే, ఏ మడికి ఎంతసేపు పారించాలన్నదే లెక్క. పైగా దూరం రెట్టింపైతే డోసు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకే రెండు మూడు మిల్లీమీటర్ల గురించి కూడా వాళ్లు అంత పట్టుబడతారు.

'అన్నిచోట్లా కాస్త ఎక్కువే పెడితే పోలా?' అని నేనే అడిగాను. ట్యూబుకు ఆనుకున్న చోట డోసు ఎలాగూ ఎక్కువే పడుతుందట. అలాంటి చోట్లు ఒకదానితో ఒకటి కలిసిపోతే లోపలి కొవ్వు దెబ్బతిని గట్టిపడే ప్రమాదం ఉంది. కాబట్టి ఎక్కువ ఇమ్మని అడగకండి.

అమ్మకు మొత్తం 34 గ్రే (రేడియేషన్ డోసు కొలత), 10 విడతలుగా ఇచ్చారు. రోజుకు 2, మధ్యలో కనీసం 6 గంటలు. గుంటూరు నుంచి తిరగలేక ఆసుపత్రి పక్కనే గది తీసుకున్నాం. ప్రతి విడతకు ముందు ట్యూబు చర్మం బయట ఎంత ఉందో స్కేలు పెట్టి కొలిచేవారు. ట్యూబు కదిలితే వేసిన ప్లాన్ అక్కడ పనికిరాదు, మీరూ గమనించండి. ఇంకొకటి, పక్క బెడ్ ఆవిడకన్నా మీ అమ్మగారికి ఎక్కువ నిమిషాలు పట్టినా కంగారు పడొద్దు. ఇరిడియం బలం సుమారు 74 రోజులకు సగమవుతుంది, పాతబడేకొద్దీ అదే డోసుకు ఎక్కువసేపు పడుతుంది.

నేను డాక్టర్ని కాదు, మీ అమ్మగారి లెక్కలు వేరే ఉండొచ్చు. అందుకే ఆ గీతల బొమ్మ చూపించమని ఇవాళే అడగండి, అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి. మేం అమ్మను గదిలోనే ఉంచి వెళ్లాం. మాకు ధైర్యం వచ్చింది గానీ, తను మాత్రం ఐదు రోజులూ చర్మం కాలిపోతుందేమోనన్న భయంతోనే ఆ మెషిన్ పక్కన పడుకుంది.