సంతకం అడిగింది చైనా అమ్మాయి, చూసుకోవాల్సింది మీ అమ్మాయి కాగితం

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, రీడింగ్‌లో ఉంటాం. మా అమ్మాయి లీడ్స్‌లో చదువుతోంది. సెప్టెంబర్ నుంచి మరో ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంటోంది. మొత్తం అద్దె నెలకు 2,240 పౌండ్లు, మనిషికి 560. వాళ్లలో చెంగ్డూ నుంచి వచ్చిన చైనా అమ్మాయికి యూకేలో నా అన్నవాళ్లు లేరు. గ్యారంటర్‌గా, అంటే తను అద్దె కట్టకపోతే మేం కడతామని, సంతకం పెట్టమని మమ్మల్ని అడిగింది. మంచి పిల్ల, సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు తిని వెళ్లింది. వచ్చే ఏడాది మా మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) డీల్ మార్చుకోవాలి. సంతకం పెట్టొచ్చా?

జవాబు: పిల్ల మంచిదే అయ్యుంటుందండీ. మా నాన్నగారు చిట్టీకి ష్యూరిటీ ఉన్న మాస్టారు కూడా మంచివారే. చిట్టీ పాడుకున్నాక ఆయనకి జబ్బు చేసింది, వాయిదాలు ఆగిపోయాయి, నాన్న జీతంలో 14 నెలలు కోత పడింది. ఏ కాగితం మీద సంతకం పెట్టారో నాన్న చదవనేలేదు. అందుకే మీరు మనిషి గురించి అడిగినా నేను కాగితం గురించే చెబుతాను.

ముందు మీ అమ్మాయికి మీరిచ్చే గ్యారంటీ కాగితం తీయండి. నలుగురూ ఒకే అగ్రిమెంట్‌లో ఉంటే, అందులో ‘జాయింట్ అండ్ సెవరల్’ అనే మాట ఉందేమో వెతకండి. ఉంటే నలుగురిలో ఎవరు అద్దె ఎగ్గొట్టినా మిగతావాళ్లు కట్టాల్సిందే. మీ గ్యారంటీకి పరిమితి రాయకపోతే ఆ బాకీ మీ దాకా వస్తుంది. అంటే చైనా అమ్మాయికి సంతకం పెట్టకముందే మీరు ఆమెకు సగం జామీను ఉన్నట్టే! చాలామంది తల్లిదండ్రులు ఈ సంగతి బాకీ నోటీసు వచ్చాకే తెలుసుకుంటారు.

లెక్క చూడండి. ఆ అమ్మాయి ఏడాదంతా ఒక్క పౌండు కట్టకపోయినా పోయేది 6,720. పరిమితి లేని కాగితం మీద నలుగురూ మూడు నెలలు ఎగ్గొట్టినా సరిగ్గా అంతే. కాబట్టి రెండు గ్యారంటీల్లోనూ ‘ఈ విద్యార్థి వాటా వరకే’ అని, గరిష్ఠంగా ఎంతో అంకెతో సహా రాయించండి. చివరి తేదీ కూడా ఉండాలి. కొత్త చట్టంతో ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకు ఏడాది గడువు పద్ధతి పోయి, నెలనెలా సాగే అద్దెలే మిగిలాయి. తేదీ లేని హామీ అద్దెతో పాటే సాగిపోవచ్చు. అద్దె పెంచితే మీ ఒప్పుకోలు లేకుండా ఆ పెంపు మీకు వర్తించదని ఒక వాక్యం పెట్టించండి.

ఇన్నాళ్లూ చైనా పిల్లలకు ఈ ఇబ్బంది అంతగా ఉండేది కాదు. గ్యారంటర్ లేకపోతే ఆరు నెలలదో, ఏడాదిదో అద్దె ముందే కట్టేసేవారు. 2026 మే 1 నుంచి ఓనర్లు టెనెన్సీ (అద్దె ఒప్పందం) మొదలవకముందు ఒక నెల కంటే ఎక్కువ అడ్వాన్స్ అద్దె తీసుకోకూడదు. అందుకే ఇప్పుడు గ్యారంటర్ల వేట. అయితే టెనెన్సీ మొదలయ్యాక అద్దెదారు తనంతట తాను ముందుగా కట్టుకోవచ్చు. వాళ్ల నాన్న అలా ఒక టర్మ్ అద్దె కట్టేస్తే మీ టెన్షన్ చాలావరకు తీరుతుంది.

‘సెక్యూరిటీగా మీ ఖాతాలో డబ్బు వేస్తాం’ అని వాళ్లు అంటే మాత్రం జాగ్రత్త. చైనాలో ఒక్కొక్కరు ఏడాదికి మార్చుకోగల విదేశీ కరెన్సీ పరిమితి 50,000 డాలర్లు. దాన్ని తప్పించుకోవడానికి దొడ్డిదారి హవాలా నడుస్తుంటుంది. 2019లో ఇక్కడి నేషనల్ క్రైమ్ ఏజెన్సీ 95 బ్యాంకు ఖాతాలను స్తంభింపజేయించింది. వాటిలో ఎక్కువ విదేశీ విద్యార్థులవే, అందులోనూ చైనా వాళ్లవే. డబ్బు వస్తే వాళ్ల అమ్మానాన్నల పేరున్న ఖాతా నుంచి నేరుగా రావాలి. ఎవరో యూకే ఖాతాదారు నుంచి ముక్కలు ముక్కలుగా వస్తే ముట్టుకోకండి, మీ బ్యాంకుకు చెప్పండి.

మార్ట్‌గేజ్ సంగతి. బాకీ కోర్టుకెక్కి, కౌంటీ కోర్టు తీర్పు వచ్చాక నెలలోగా కట్టకపోతే ఆరేళ్లు మీ క్రెడిట్ రికార్డులో ఉంటుంది. రేటు మార్చుకునే ఏడాదిలో అది మీకు వద్దు. పైగా ఇద్దరికి గ్యారంటీ అంటే ఆదాయం కూడా చూస్తారు. నెల అద్దెకు 30 నుంచి 36 రెట్లు అడిగే ఏజెన్సీలు ఎక్కువ. ఇద్దరి వాటా 1,120 మీద అది ఏడాదికి 33,600 నుంచి 40,320 పౌండ్లు.

నా మాట అడిగితే, 6,720 పోయినా మీ ఇల్లు కదలదనుకుంటే, పరిమితి రాసిస్తేనే పెట్టండి. లేదంటే యూనివర్సిటీకి గ్యారంటీ పథకం ఉందేమో ఆ అమ్మాయిని కనుక్కోమనండి, ఫీజు తీసుకుని హామీ ఉండే కంపెనీలూ ఉన్నాయి. ఈ వారమే ఏజెంట్‌కు మెయిల్ పెట్టండి. ‘మా ఫార్మాట్ ఇంతే, మార్చం’ అంటే, మీ అమ్మాయిని కూడా ఆ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టొద్దనండి.