పియానో మీద షోపాన్ నాక్టర్న్ (ఓపస్ 9, నంబర్ 2) వాయించేటప్పుడు రుబాటో (మెలడీని కాస్త సాగదీసి, మళ్ళీ తాళంలో కలవడం) గురించి
మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం వేసే పరికరం) పెడితే మెషీన్‌లా, తీసేస్తే తూలుతున్నట్టు వస్తోందన్నారు కదా, రెండు చేతుల్నీ కలిపి సాగదీస్తున్నట్టున్నారు, తేడా అక్కడే. ఎడమ చెయ్యి కండక్టర్ లాంటిది, తాళం తప్పకూడదని షోపాన్ తన స్టూడెంట్స్‌కి చెప్పేవాడు.

1. ముందు ఎడమ చెయ్యి ఒక్కటే, మెట్రోనోమ్‌తో. 12/8 తాళం కాబట్టి బార్‌కి (ఒక ఆవర్తానికి) నాలుగు బీట్లు, ఒక్కోదాంట్లో బాస్ నోట్, వెనకే రెండు కార్డ్స్ (కలిపి ఒకేసారి వాయించే స్వరాలు). నిద్రలేపి అడిగినా వచ్చేదాకా.

2. అందరూ ఎగ్గొట్టేది ఇదే: ఎడమ చెయ్యి వాయిస్తూ మెలడీని నోటితో పాడండి, సిగ్గుపడకండి. షోపాన్‌కి ఇటాలియన్ ఒపెరా అంటే పిచ్చి, ఇదీ ఒకరకంగా పాటే. మీరు ఊపిరి తీసుకునే చోట కాస్త సాగుతుంది, తాళం మాత్రం ఆగదు, మళ్ళీ వచ్చి కలుస్తారు.

3. ఆ తర్వాతే కుడి చెయ్యి. పెడల్ బాస్ నోట్ మారినప్పుడల్లా మార్చండి.