‘బుడ్డలు’ అని రాస్తే తప్పా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, మాది కడప. 20 ఏళ్ల తర్వాత మళ్లీ కథలు రాస్తున్నాను. చిన్ననాటి స్నేహితురాలు చదివి, ‘బుడ్డలు’ కొట్టేసి ‘వేరుశెనగ’ అని దిద్దింది. అప్పట్నుంచి మా మధ్య మాటలు తగ్గాయి.

జవాబు: ‘బుడ్డలు’ అట్లే ఉంచండమ్మా. ఆ మాట తీసేస్తే అరుగు మీద కాయలు ఒలిచే చప్పుడూ పోతుంది. అయితే తప్పు ఆమెదీ కాదు. మొదటి ప్రతి చేతికిచ్చి ‘ఎట్లుంది?’ అంటే ఎవరైనా కలమే తీస్తారు. రాసింది రెండు వారాలు పక్కన పెట్టండి. తర్వాత పైకి చదివి, నాలుక తడబడిన చోటే దిద్దండి. ఈసారి ఆమెకు కాగితం ఇవ్వకుండా చదివి వినిపించండి, ‘ఎక్కడ విసుగొచ్చింది?’ అని ఒక్కటే అడగండి. మాటల మీద అనుమానమొస్తే మీ కడప ఎర్రముక్కపల్లెలో, తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ పేరిట ఉన్న గ్రంథాలయానికి ఇద్దరూ కలిసి వెళ్లండి.