దినపత్రిక ముట్టుకుంటే కోవిడ్ సోకేదా?

సోకే అవకాశం చాలా స్వల్పం. 2020 లాక్‌డౌన్‌లో విశాఖపట్నంలో పత్రిక మాన్పించిన ఇళ్లవారి భయం సహజమే కాని, అసలు ముప్పు ప్రధానంగా గాలిలో ఉండేది. వ్యాధి ఉన్నవారు మాట్లాడినా దగ్గినా వెలువడే సూక్ష్మ తుంపరలు గాలి ఆడని చోట నిలిచిపోతాయి, కాగితంపై పడిన వైరస్ మాత్రం ఆరిపోతూ శక్తి కోల్పోతుంది. ఉదాహరణకు, ఎంవీపీ కాలనీలో గుమ్మం ముందు పడిన పత్రిక కంటే, గాజువాక వెళ్లే బస్సులో కిటికీలు మూసి ఉండగా పక్కవారి దగ్గు ఎంతో ప్రమాదకరం.

అపోహకు మూలం 2020 మార్చి నాటి ప్రయోగశాల ఫలితాలు: అట్టపై 24 గంటల వరకు, ప్లాస్టిక్‌పై 72 గంటల వరకు వైరస్ నిలవగలదని నిపుణులు చెప్పినప్పుడు, దాని మోతాదు గంటగంటకూ పడిపోతుందన్న ముఖ్యమైన సగం చాలామందికి చేరలేదు. వైరస్ కనిపించడం వేరు, జబ్బు చేసేంత మోతాదులో ఉండడం వేరు.