పాప సముద్రం గురించి చదువుతానంటోంది, ఉద్యోగం వస్తుందా?

చెన్నై వేళచ్చేరి నుంచి ఒక అమ్మ రాశారు. పాప ప్లస్ టూ, మ్యాథ్స్ బాగా చేస్తుంది, ఇంట్లో అందరూ కంప్యూటర్ సైన్సే అనుకుంటున్నారు. పిల్లేమో సముద్రమట్టం పెరుగుతుంటే పక్కపక్క కార్పొరేషన్లు, పంచాయతీలు కలిసి ఏం చెయ్యాలో ఆ పని మీదే ఉంటానంటోందట. ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్ళు క్లైమేట్, సస్టైనబిలిటీ అని నాలుగేళ్ళ డిగ్రీ చూపించారు, మొత్తం 18 లక్షలు. అందులో చేర్చాలా, సివిల్ ఇంజనీరింగా, టౌన్ ప్లానింగా, లేక బుద్ధి చెప్పి సీఎస్ఈలో వెయ్యాలా, పోల్చి చెప్పండి అన్నారు. చివర్లో ఒక్క లైను: అసలు ఇలాంటి ఉద్యోగం ఉంటుందా అండీ?

అమ్మా, పోలిక తర్వాత చూద్దాం. ఆ "బుద్ధి చెప్పి" అనే మాట నాకు నచ్చలేదు. మీరే అదే మెయిల్లో ఇంకోటి కూడా రాశారు, పెద్దగా పట్టించుకోకుండా రాసినట్టున్నారు. 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుపానుకి మీ ఇంట్లోకి నీళ్ళొస్తే పాప హాల్లో గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీసి పక్కన టైము వేసిందని, తర్వాత రంగులు వేయిస్తుంటే ఆ ఒక్క గోడా వదిలెయ్యమని ఏడ్చిందని, అప్పట్నించీ వాన పడిన ప్రతిసారీ వీధి చివర కాలువలో నీళ్ళెంత ఎత్తుకొచ్చాయో నోట్‌బుక్‌లో రాసుకుని పక్కనే సముద్రం పోటు టైములు కూడా రాసుకుంటోందని. దీన్ని మీరు పిచ్చి అన్నారు. క్లైమేట్ అంటూ నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది రీల్స్ చూసి వచ్చినవాళ్ళే, ఆర్నెల్లకి ఆ ముచ్చట తీరిపోతుంది. మీ పిల్ల ఎవరూ చెప్పకుండానే కొలుస్తోంది. ఇన్నేళ్ళలో ఇలాంటివాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను, మీరేమో ఆ పిల్లకి బుద్ధి చెప్పాలంటున్నారు.

ఉద్యోగం ఉంటుందా అన్నారు కదా, మీ ఇంటి ముందు నీళ్ళు ఎటు పోతాయో చూడండి. తాంబరం వైపు చెరువులు నిండి పళ్ళికరణై చిత్తడిలోకొస్తాయి, మీ వేళచ్చేరి నీళ్ళూ అందులోకే, అక్కణ్ణించి ఒక్కియం మడువు దాటి బకింగ్‌హామ్ కాలువలో పడి దక్షిణంగా ముట్టుకాడు దగ్గర సముద్రంలో కలవాలి. మీ వీధి చెన్నై కార్పొరేషన్‌ది, ఎగువన తాంబరం కార్పొరేషన్, మధ్యలో పంచాయతీలు, పెద్ద కాలువ నీటి వనరుల శాఖది, కొన్ని రోడ్ల కింద కల్వర్టులు హైవేస్ వాళ్ళవి, చివరికొచ్చేసరికి చెంగల్పట్టు జిల్లా. సముద్రం పోటు మీద ఉంటే కాలువ నీళ్ళు దిగవు, ఇది మీ పాప నోట్‌బుక్‌లో ఇప్పటికే ఉంటుంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటున సముద్రం 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ లెక్క, అందులో 2006 నుంచి 2018 దాకా ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. జానెడే కదా అనిపిస్తుంది, కానీ పళ్ళికరణై లాంటి చదును నేలలో కాలువకి ఉండే వాలే అంతంతమాత్రం, అందులోంచి జానెడు పోయిందంటే నీళ్ళు వెనక్కి తన్నుతాయి. దీన్ని ఏ ఒక్క ఆఫీసూ తన హద్దులో కూర్చుని సరిచెయ్యలేదు, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి లెక్క కుదిర్చే మనుషులు కావాలి, అలాంటివాళ్ళు ఇప్పుడు చాలా తక్కువ.

ఆ పని ఎలా ఉంటుందో మా పాత స్టూడెంట్ ఒకబ్బాయిని చూసి చెప్తా. సివిల్ చదివాడు, డ్రైనేజీ సర్వేలు చేసే కన్సల్టెన్సీలో చేరాడు. ఒకసారి ఎండలో ఎత్తులు కొలిచే కర్ర, లెవెలింగ్ స్టాఫ్ అంటారు, అది పట్టుకుని రెండు ఊళ్ళ హద్దు దగ్గర కొలిస్తే, ఎగువ ఊరి కొత్త డ్రైన్ అడుగు దిగువ ఊరి డ్రైన్ అడుగు కంటే దాదాపు ఒక ఫుట్ కిందకి ఉందట. నీళ్ళు ఎక్కి వెళ్ళాలన్నమాట! రెండు డ్రైన్లూ డ్రాయింగ్ ప్రకారమే కట్టారు, పనిలో దొంగతనమేమీ లేదు, ఒకరు సముద్రమట్టం నుంచి లెవెల్ తీసుకున్నారు, ఇంకొకరు పక్కనున్న గుడి మెట్టుని బెంచ్‌మార్క్, అంటే ఎత్తులు లెక్కపెట్టడం మొదలెట్టే గుర్తు, అనుకుని తీసుకున్నారు అంతే. రెండు ఆఫీసులనీ ఒకే బెంచ్‌మార్క్‌కి ఒప్పించడానికి వాడికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలే ఈ ఉద్యోగం అమ్మా.

బయట దేశాల్లోనూ ఇదే కథ. దక్షిణ ఫ్లోరిడాలో మయామీ డేడ్, బ్రోవార్డ్, పామ్ బీచ్, మన్రో అని నాలుగు కౌంటీలు, మన జిల్లాల్లాంటివి, 2010లో ఒప్పందం చేసుకున్నాయి. ముందుగా తేల్చుకున్నవాటిలో ఒకటి ఒక అంకె, సముద్రం ఏ ఏడాదికి ఎంత పెరుగుతుందనుకుని రోడ్లూ పంపులూ కట్టాలి అని. దాన్ని 2015లో, 2019లో మళ్ళీ సరిచూసుకున్నారు. మనకి దగ్గర్లో పుదుచ్చేరి ఉంది, 1980ల చివర్లో హార్బర్‌కి కట్టిన గోడల వల్ల ఉత్తరానికి వెళ్ళే ఇసుక ఆగిపోయి ఊరి బీచ్ పోయింది, రాళ్ళు పోసి ఒడ్డు కాపాడుకుంటే కోత ఇంకా ఉత్తరానికి జరిగి తమిళనాడు జాలరి ఊళ్ళ మీద పడింది. ప్రభుత్వాలు రెండు, ఇసుక ఒకటే. మన పులికాట్ కూడా అంతే కదా, సరస్సు ఎక్కువ భాగం ఆంధ్రాలో, కొంత తమిళనాడులో, సముద్రం వైపు ముఖద్వారాలు పూడిపోతే ఇబ్బంది రెండు పక్కల జాలర్లకీ.

ఇప్పుడు ఆ 18 లక్షల డిగ్రీ. నాకు అనుమానాలున్నాయి, గట్టిగానే ఉన్నాయి. పేరులో క్లైమేట్ అని ఉన్న బ్రోషర్లు ఈ మధ్య చాలా వస్తున్నాయి నా టేబుల్ మీదకి. సిలబస్ తిప్పి చూస్తే కొంచెం ఎకాలజీ, కొంచెం ఎకనామిక్స్, కొంచెం పాలసీ, కొంచెం డేటా, అన్నీ రుచి చూపిస్తారు, ఏదీ చేతికి రాదు. సర్వే క్యాంపు ఉందా అనడిగితే ఫీల్డ్ విజిట్లు ఉన్నాయంటారు, ఫీల్డ్ విజిట్ అంటే బస్సులో వెళ్ళి ఫొటోలు దిగి రావడం. ప్లేస్‌మెంట్ అంటే కంపెనీలకి సస్టైనబిలిటీ రిపోర్టులు రాసే ఉద్యోగాలు చూపిస్తారు, అవి మంచి ఉద్యోగాలే కావచ్చు, మీ పాప అడుగుతున్నది అది కాదు. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకోటి. గవర్నమెంట్ నోటిఫికేషన్లో ఏ డిగ్రీ కావాలో పేరు పెట్టి రాస్తారు, సివిల్ అనో ప్లానింగ్ అనో ఉంటుంది, ఈ కొత్త పేరు అందులో లేకపోతే పిల్ల ఎంత తెలివైనదైనా అప్లికేషన్ దగ్గరే ఆగిపోతుంది. లోను తీసుకుని కట్టే డబ్బు కదా, సంతకం పెట్టేముందు ఒక పాత నోటిఫికేషన్ వాళ్ళ ముందు పెట్టి మీ డిగ్రీ ఇందులో ఎక్కడుందో చూపించండి అని అడగండి. సమాధానం సాగదీస్తే లేచి వచ్చెయ్యండి. ఇది చేసి వెంటనే ఫారిన్‌లో క్లైమేట్ పాలసీ మాస్టర్స్ అనేదానికీ నా మాట ఇదే, ముందు చేతిలో ఒక పని ఉండాలి, దాని మీద పాలసీ.

పోల్చమన్నారు కాబట్టి క్లుప్తంగా. నా ఓటు సివిల్‌కి, నీటి వైపు ఇష్టం ఉంది కాబట్టి, తర్వాత మాస్టర్స్‌లో కోస్టల్ ఇంజనీరింగో ప్లానింగో తీసుకోవచ్చు, ఐఐటీ మద్రాస్‌లో ఓషన్ ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంటే ఉంది. ఆఫీసుల్ని కలపడమే ఇష్టమైతే బీ ప్లానింగ్, మన విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, ఎస్‌పీఏ, మంచి చోటు. సీఎస్ఈలో వేసినా కొంపేం మునగదు, వరద మోడల్స్, కంప్యూటర్లో గీసే జీఐఎస్ మ్యాపులు చేసేవాళ్ళకీ ఈ రంగంలో పనుంది, కాకపోతే ఆ దారిలో వెళ్ళినవాళ్ళు వెనక్కి రావడం నేను తక్కువ చూశాను.

జీతం సంగతి దాచను. మొదటి నాలుగైదేళ్ళు మీ అక్కగారబ్బాయి సాఫ్ట్‌వేర్ జీతం ముందు ఇది చిన్నగానే ఉంటుంది, చాలా పోస్టులు ప్రాజెక్టు కాంట్రాక్టులే. మీ అసలు భయం ఇక్కడే ఉందని నాకు తెలుసు, పెళ్ళిళ్ళలో పాప ఏం చేస్తోంది అంటే ఏం చెప్పాలి అని. అమ్మా, డిసెంబర్లో వాన మొదలైతే కారు తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టే ఊరు మనది. మా పాప ఆ నీళ్ళ పని చేస్తోంది అంటే అర్థంకానివాళ్ళు చెన్నైలో ఉండరు.

ఇంకో సంగతి, దీన్ని మీరు ఆస్తిగా చూడట్లేదు. ఇక్కడ స్కూళ్ళలో తమిళం తప్పనిసరి అని 2006లో చట్టం వచ్చినప్పుడు మనవాళ్ళు చాలామంది బాధపడ్డారు, నేనూ బాధపడ్డా. కానీ మీ పిల్ల తమిళం రాస్తుంది, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష టీఎన్‌పీఎస్సీలో తమిళం అర్హత పేపరు దాటగలదు, రేపు పులికాట్ తమిళనాడు వైపున్న పళవేర్కాడులో జాలరి సంఘంతోనూ ఆంధ్రా వైపు సూళ్ళూరుపేటలో ఆఫీసరుతోనూ మధ్యవర్తి లేకుండా మాట్లాడగలదు. అలాంటి ఇంజనీర్లు ఎంతమంది దొరుకుతారు?

వచ్చే నెలలోపు ఒక పని చెయ్యండి. సముద్ర టెక్నాలజీ సంస్థ ఎన్ఐఓటీ, తీర పరిశోధన చేసే ఎన్‌సీసీఆర్ రెండూ పళ్ళికరణైలోనే ఉన్నాయి, మీకు బస్సులో కాసేపు. ఓపెన్ డే లాంటిది ఎప్పుడుంటుందో కనుక్కుని పాపని తీసుకెళ్ళండి, నోట్‌బుక్ వెంట ఉండాలి. మీరు పక్కన కూర్చోండి, మాట్లాడేది మాత్రం తను. తర్వాత ఇద్దరూ నా దగ్గరికి రండి, అప్పుడు కాలేజీల లిస్టు వేద్దాం. ఆ గోడకి మాత్రం రంగు వెయ్యకండి.